డెక్లన్‌ని పక్కన పెట్టిన వేసవి

మే 10, శనివారం

డెక్లన్‌ని తీసేశారు.

టీ చల్లారిపోతే మళ్లీ వేడి చేసుకున్నాను. అదీ చల్లారిపోయింది. ఫోన్‌లో క్లబ్ వాళ్లు పెట్టిన పోస్టునే చూస్తూ కూర్చున్నాను. వచ్చే సీజన్‌కి కామక్ హాకీ క్లబ్ మొదటి జట్టు ఇదీ అని. గోల్స్ కొట్టే ఓషీన్ సౌత్ డబ్లిన్‌లో ఏదో పెద్ద క్లబ్బుకు పోతున్నాడట. అతనికి శుభాకాంక్షలు, పక్కన ఒక నవ్వు బొమ్మ. హాలండ్ నుంచి ఎవడో కుర్రాడు వస్తున్నాడట. సెంటర్ హాఫ్‌గా ఇక వాడే ఆడతాడట. మేము ఈ దేశానికి రాకముందు నుంచీ ఆ చోట నిలబడ్డ డెక్లన్ పేరు మూడో జట్టులో ఉంది. స్కూలు పిల్లలూ, మోకాళ్లు అరిగిన తండ్రులూ ఆడే జట్టులో!

మేము వచ్చిన మొదటి చలికాలం నేను కంచె బయట వానలో నిలబడి ఆట చూస్తుంటే, ఆట మధ్య విరామంలో గేటు దాకా వచ్చి "లోపలికి రా, చూడ్డానికి డబ్బులేం తీసుకోం" అన్న మనిషి డెక్లన్. మేముండే ఈ క్లాండాల్కిన్ పేటలో నన్ను పేరు అడిగిన మొదటి మనిషి. మా నాయన లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టర్, సాయంత్రాలు రైల్వే గ్రౌండ్‌లో సెంటర్ హాఫ్. ఆ చోటు సంగతి నాకు తెలుసు. ఆ చోటంటే జట్టుకు వెన్నెముక.

తీసేసింది ఎవరు? టీం మేనేజర్. ఆ మేనేజర్ ఎవరు? మన జీవన్ కుమార్. నాతోపాటు లాలాగూడలో చెప్పుల్లేకుండా కర్ర పట్టినవాడు. ఆదివారం నేను వాక్యం చెబితే రెండో వరసలో కూర్చుని ఆమేన్ అనేవాడు.

రేపు చెబుతాను వాక్యం.

మే 11, ఆదివారం

రెహబాము మీద చెప్పాను. పెద్దల ఆలోచన తోసివేసి, తనతో పెరిగిన కుర్రాళ్ల మాట విన్న రాజు. ఏమైంది? రాజ్యం రెండు ముక్కలైంది! ఈ మాట దగ్గర బల్ల మీద గుద్దాను. నీళ్ల గ్లాసు పడిపోయింది. "పేరు చెప్పను గానీ, ఈ రోజుల్లో కూడా మన మధ్య ఉన్నారు రెహబాములు" అన్నాను. పేరు చెప్పలేదు. అందరూ జీవన్ వైపు చూశారు.

అగ్ని దిగింది. బైబిలు కాలేజీ గడప తొక్కనివాణ్ణి, పని చేసే చోట బేస్‌మెంటులో ప్యాకింగ్ మిషన్ల మధ్య నిలబడి వాక్యం నేర్చుకున్నవాణ్ణి. అయినా ప్రభువు నా నోరు వాడుకుంటున్నాడు.

పిల్లలు మధ్యలో లేచి బయటికి పోతున్నారు. ఆరాధనకు హాలు ఇచ్చిన స్కూలు వాళ్లకు చెప్పాలి, ఆ హాల్లో హీటర్ సరిగా పని చేయడం లేదు.

ఆరాధన అయ్యాక కుర్చీలు మడుస్తూ బాలశౌరి నవ్వాడు. క్లోనీ అనే ఊరి నుంచి వస్తాడు, గుంటూరు మనిషి.

"ఇరగదీశారన్నయ్యా! అయినా ఆ హాలండోడు వచ్చి పొడిచేదేముంది? మన గాలిలో బంతి ఎటు పోద్దో మన బంతికే తెలీదు, వాడికేం తెలుసుద్ది?"

"ఓషీన్ పోయిండు, డెక్లన్ పోయిండు. ఇగ మనం ఎవర్ని జూసి మొత్తుకోవాలె?" అన్నాను.

"మేనేజర్ని చూసి మొత్తుకోవటమే!" అన్నాడు, జీవన్‌కు వినబడేట్టుగా.

జీవన్ నాలుగు కుర్చీలు ఒకేసారి చంకలో పెట్టుకుని వచ్చాడు. "అన్నా, వాక్యం మస్తు చెప్పినవ్. దా, చాయ్ తాగుదాం."

తాగలేదు.

మే 14, బుధవారం

జీవన్ ఇంటికి వచ్చాడు. సరోజిని దోసెలు వేసింది. నేను ముభావంగా తిన్నాను. డెక్లన్ సంగతి ఎత్తితే "అన్నా, గది క్లబ్ ముచ్చట. నేను వేరే ముచ్చటకొచ్చిన" అన్నాడు. సంఘం గురించి ఏదో చెప్పాడు. చిన్న విషయం. తర్వాత రాస్తాను.

వెళ్లేటప్పుడు చెప్పులు వేసుకుంటూ చాలాసేపు వంగే ఉన్నాడు.

మే 18, ఆదివారం

హాకీ గురించే ఆలోచిస్తున్నాను. డెక్లన్‌లో లోపమేంటి? మార్చిలో చివరి ఆట ఓడామంటే గోల్‌కీపర్ వల్ల. అవతలి జట్టు పసుపు చొక్కా పిల్లవాడు ఎడమ వైపు నుంచి దూసుకొచ్చి కొట్టాడు. కీపర్ ముందుకు రావాలి, రాలేదు. నా కళ్లతో చూశాను. దానికి డెక్లన్‌ని బలి చేస్తారా? యేసును చంపించిన కయప కూడా ఇదే అన్నాడు, అందరి కోసం ఒక్కడు పోతే మేలని.

"కామక్ మనోళ్లు" వాట్సాప్ గ్రూపులో ఇదంతా రాశాను. బొటనవేళ్ల బొమ్మలు వచ్చాయి. జీవన్ కూడా చూశాడు.

మే 25, ఆదివారం

ఆ విషయం రాయాలి. సరోజిని రెండుసార్లు అడిగింది, "ఏమన్నవయ్యా జీవన్‌తోని?" అని.

సంఘ పెద్దలు నిర్ణయించారట. జూన్ నుంచి డండాక్‌లో ఉండే రాజ్‌కిరణ్ అనే అబ్బాయి వాక్యం చెబుతాడు. బెల్‌ఫాస్ట్‌లో వేదాంతం చదివాడట. నేను నెలకు ఒక ఆదివారం చెప్పవచ్చట. "నీకు కూడా రెస్టు దొరుకుతది అన్నా" అన్నాడు జీవన్.

నాకు రెస్టు కావాలని ఎవరు అన్నారు?

సరే. దానికీ దీనికీ సంబంధం లేదు. నా బాధ డెక్లన్ గురించి.

జూన్ 8, ఆదివారం

రాజ్‌కిరణ్ వచ్చాడు. సన్నగా ఉన్నాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. తెలుగు మధ్యలో ఆగి ఇంగ్లీషులో వెతుక్కుంటాడు. అరగంటలో ముగించాడు. అరగంట! నేను ప్రార్థనకే అంత తీసుకుంటాను.

నేను ఆమేన్ అనలేదు.

జూన్ 15, ఆదివారం

ఈ రోజూ అనలేదు.

నేను అనకపోతే ఎవరూ అనరని ఇవాళ తెలిసింది. పెద్దలు నా వైపు చూస్తారు, నేను నేల చూస్తాను. ఆ అబ్బాయి ఒక మాట చెప్పి ఆగుతాడు, ఆమేన్ కోసం. హాల్లో హీటర్ చప్పుడు తప్ప ఏమీ ఉండదు. మళ్లీ మొదలుపెడతాడు, ఇంకాస్త చిన్న గొంతుతో.

హీటర్ బాగానే పని చేస్తున్నట్టుంది. పిల్లలు కూర్చునే ఉన్నారు.

జూన్ 21, శనివారం

బాలశౌరి ఫోను.

"అన్నయ్యా, ఆ పిల్లోడి మాటలు మజ్జిగ నీళ్లలాగా ఉన్నయ్యి. పులుపూ లేదు, ఉప్పూ లేదు. క్లోనీలో మా కమ్యూనిటీ హాలు ఆదివారాలు ఖాళీ. నాలుగు కుటుంబాలం ఉన్నాం. మీరు ఊ అనండి చాలు, పెద్ద సౌండ్ బాక్సు నేను తెస్తా. ఆగస్టు ఆఖరి ఆదివారం మొదలెడదాం. మనది మనకుంటది."

"చీలిక అంటరు బాలశౌరీ."

"చీలిక ఏంటన్నయ్యా! పౌలూ బర్నబా విడిపోలా? సువార్త రెండింతలైంది."

ఆలోచిస్తానన్నాను. మాట తీయగా ఉంది. నా బల్ల, నా ఆదివారం, కావలసినంత సమయం.

జూన్ 22, ఆదివారం

అనలేదు.

జూన్ 29, ఆదివారం

ఇది నాకు ఇచ్చిన ఆదివారం. ఏలీయా మీద చెప్పాను, మండిపోయేలా చెప్పాను. ఆమేన్లు మ్రోగాయి. రాజ్‌కిరణ్ ముందు వరసలో కూర్చుని అందరికంటే ముందు అన్నాడు, ప్రతిసారీ. మర్యాద కోసం అంటున్నాడనుకున్నాను. నోటుబుక్కులో రాసుకుంటున్నాడు కూడా.

జూలై 6, ఆదివారం

దారిలో కారులో ఆశ్రిత అంది. పదహారేళ్లు వచ్చాయి, నా తెలుగుకు ఐరిష్ ఇంగ్లీషులో జవాబు చెబుతుంది.

"డాడ్, వై డోంట్ యూ సే ఆమేన్ ఫర్ హిమ్?"

"ఆయన వాక్యంల అగ్గి లేదు బిడ్డా."

"ఐ అండర్‌స్టాండ్ హిమ్ దో."

"నాది అర్థం కాదా?"

కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. సరోజిని వెనక్కి తిరిగి కళ్లతో వద్దంది. అయినా పిల్ల చెప్పింది.

"యూ నెవర్ లుక్ ఎట్ అస్, డాడ్. యూ లుక్ ఎట్ హూఎవర్ యూ ఆర్ క్రాస్ విత్."

ఎవరి మీద కోపంగా ఉన్నానో వాళ్లనే చూస్తానట. పిల్లకు ఏం తెలుసు.

జూలై 8, మంగళవారం

పిల్లకు ఏం తెలుసు.

జూలై 15, మంగళవారం

షిఫ్టు అయ్యాక క్లబ్బుకు వెళ్లాను. మొదటి ఆట రోజు గేటు దగ్గర నిరసన బోర్డులు పట్టుకుని నిలబడదామని మనోళ్లం అనుకున్నాం. ఆ మాట డెక్లన్‌కు చెప్పి, అతనిలో పౌరుషం రగిలించాలని పోయాను.

మైదానం చివర మోకాళ్ల మీద కూర్చుని చిరిగిన గోల్ నెట్‌కు తాడు కడుతున్నాడు. చుట్టూ మూడో జట్టు పిల్లలు ఒకళ్ల మీద ఒకళ్లు నీళ్లు చల్లుకుంటున్నారు.

"లాజ్!" అన్నాడు. నా పేరు లాజరస్ అని అతనికి తెలుసు, అంత పొడుగు అక్కర్లేదంటాడు.

బోర్డుల సంగతి చెప్పాను. తాడు వదిలేశాడు.

"వద్దు. దేవుడి పేరు చెప్పి అడుగుతున్నా, వద్దు."

"నీకు అన్యాయం జరిగింది."

"లాజ్, మార్చిలో ఆ గోల్ చూశావా నువ్వు? పసుపు చొక్కా అబ్బాయి?"

"చూశాను. గోల్‌కీపర్ ముందుకు రాలేదు."

డెక్లన్ పెద్దగా నవ్వాడు. "పాపం ఆ కీపర్! ఆ అబ్బాయి నన్ను దాటి పోయాడయ్యా. తీసి ఉన్న గేటులోంచి పోయినట్టు పోయాడు. నేను తిరిగేసరికి వాడు సంబరం చేసుకుంటున్నాడు. జీవన్ చెప్పకముందే నాకు తెలుసు. కాళ్లు ముందే చెబుతాయి, మనం వినం అంతే."

"బాధ లేదా మరి?"

"జీవన్ చెప్పిన రోజు కారులో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. మా ఆవిడకు చెప్పకు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు గ్రాండ్." ఇక్కడ బాగున్నాననడానికి అదే మాట. తాడు లాగి ముడి వేశాడు. "గ్రాండ్ ఏమీ కాదు. కానీ గురువారం ప్రాక్టీసు ఉంది."

నేను లేస్తుంటే చెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్కటి చెయ్యి నాకోసం. ఆ హాలండ్ కుర్రాడికి ఇక్కడ ఎవరూ లేరు. వాడు మంచి బంతి ఇచ్చినప్పుడు మీ వాళ్లు అరవాలి, నాకు అరిచినట్టే. చప్పట్లు లేని చోట కాళ్లు బరువెక్కుతాయి, తెలుసా? నేను చూశాను. మంచి ఆటగాళ్లు కూడా నీళ్లలో నడిచినట్టు నడుస్తారు."

మిగిలిన తాడు చుట్టి అతని చేతికిచ్చాను. 

జూలై 16, బుధవారం

ఆ గోల్ గుర్తు తెచ్చుకుంటున్నాను. కళ్లు మూసుకుంటే కీపరే కనిపించేవాడు ఇన్నాళ్లూ. ఇవాళ డెక్లన్ వీపు కనిపించింది. సగం తిరిగి ఆగిపోయిన వీపు.

జూలై 20, ఆదివారం

రాజ్‌కిరణ్ చెప్పాడు. తప్పిపోయిన గొర్రె గురించి. మధ్యలో ఆగాడు. నోరు తెరిచాను. మూసేశాను.

ఆగస్టు 3, ఆదివారం

బాలశౌరి హాలుకు అడ్వాన్సు ఇచ్చేశాడట. "వెనక్కి పోయేది లేదన్నయ్యా, నాగలి మీద చెయ్యి పెట్టారు." ఊ అన్నాను. ఊ అన్నట్టే ఉంది.

సరోజినికి చెప్పాను. చపాతీ పిండి కలుపుతోంది. చేతులు ఆపలేదు.

"నువ్వు యాడికి పోతే ఆడికొస్త. బైబిల్ల రూతు అత్త ఎంట పోయినట్టు. గని ఒక్కటి అడుగుత. క్లోనీల ఎవరి కోసం చెప్తవ్ వాక్యం?"

"సంఘం కోసం."

"ఏ సంఘం? నలుగురు కోపమొచ్చినోళ్లు కూసుంటే సంఘమైతదా?"

పిండి గట్టిగా అయింది. చపాతీలు విరిగాయి. 

ఆగస్టు 9, శనివారం

క్లోనీలో మొదటి వాక్యానికి దావీదు జీవితం తీసుకుందామని కూర్చున్నాను. గొల్యాతుతో మొదలుపెట్టి, కూలిన శత్రువులందరినీ వరసగా చెప్పాలని. అలా తిప్పుతూ ముసలితనం రోజుల దగ్గరికి వచ్చాను. ఫిలిష్తీయులతో మళ్లీ యుద్ధం. ఆ అధ్యాయం నాకు కంఠస్థం అనుకున్నాను. ఈటె బరువు చెప్పాను ఇదివరకు, ఆరేసి వేళ్లున్న మహాకాయుణ్ణి గురించి చెప్పాను, పిల్లల చేత వేళ్లు లెక్కపెట్టించాను.

దాంట్లో ఇది ఉంది. యుద్ధంలో దావీదు సొమ్మసిల్లిపోయాడు. ఒకడు కొత్త కత్తితో ఆయన మీదికి వచ్చాడు. దావీదు సేనాని అబీషై అడ్డం వచ్చి వాణ్ణి చంపాడు. అప్పుడు దావీదు మనుషులే ఆయనతో ప్రమాణం చేసి చెప్పారు, నువ్వు ఇక మాతో యుద్ధానికి రావద్దు, ఇశ్రాయేలు దీపం ఆరిపోకూడదు అని.

ఆయన మనుషులే, శత్రువులు కాదు.

ఎన్నిసార్లు దాటిపోయానో ఈ మాట మీదుగా. ఈటె బరువు చెప్పే తొందరలో.

దావీదు ఏమన్నాడో చూద్దామని కిందికి చదివాను. ఏమీ లేదు. కోపగించాడని లేదు, సరేనన్నాడని లేదు. "నేనెవర్నో తెలుసా, గొల్యాతును కొట్టినవాణ్ణి" అనలేదు. అన్నా రాయలేదు. తర్వాతి యుద్ధాల్లో ఆయన లేడు, కుర్రాళ్లే కొట్టారు. ఆ అధ్యాయం ముగిసింది. పేజీ తిప్పితే పాట. దావీదు పాట, పొడుగైన పాట.

మధ్యలో ఏం జరిగింది? ఆ రావద్దన్న మాటకీ ఈ పాటకీ మధ్య?

వాక్యం తయారు కాలేదు.

ఆగస్టు 10, ఆదివారం

ఒంట్లో బాగా లేదని ఇంట్లో ఉన్నాను. ఒంట్లో బాగానే ఉంది.

ఆగస్టు 16, శనివారం

జీవన్ వాళ్లింటికి వెళ్లాను. తోటలో గడ్డి కోస్తున్నాడు. మిషను ఆపి, రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేశాడు. చాయ్ తెచ్చాడు. ఈసారి తాగాను.

"డెక్లన్‌కి నువ్వే చెప్పినవా?"

"నేనే చెప్పిన. ఫోన్ల చెప్తె బాగుండదని ఇంటికి పోయిన."

"మరి నాకు?"

"నీ ఇంటికి గూడ వచ్చిన గద అన్నా. దోశెలు తిన్న." కప్పులోకి చూశాడు. "డెక్లన్‌కి ఐదు నిమిషాలల్ల చెప్పిన. నీకు చెప్పనీకె ఎండకాలం మొత్తం పట్టింది, ఇంకా చెప్పలే. రెస్టు అని అబద్ధం చెప్పిన."

"ఇప్పుడు చెప్పు."

"పిల్లలు రామంటున్నరన్నా. నా కొడుకు గూడ. అంకుల్ ఎవర్ని తిడ్తుండో మాకు తెల్వది, మమ్మల్నే అనుకుంటున్నం అన్నరు." కప్పు గడ్డి మీద పెట్టాడు. "నువ్వు లేకుంటె ఈ సంఘమే లేదు. నీ ఇంట్లనే మొదలైంది. గది ఆరిపోవద్దని... నాకు చెప్పొస్తలేదు."

"దీపం" అన్నాను.

"ఏంది?"

"ఏం లేదు. చాయ్ల చక్కెర ఎక్కువైంది."

"నువ్వు కారు దిగినప్పటిసంది సోయి లేదు నాకు. ఎన్ని చెంచాలేసిన్నో!"

ఇద్దరం నవ్వాం. లాలాగూడలో బంతి అవతల పట్టాల మీద పడితే నవ్వినట్టు.

మళ్లీ అడిగాను, "నన్ను తిరిగి అడుగుతరా ఎప్పుడన్న?"

"తెల్వదన్నా" అన్నాడు. అబద్ధం చెప్పలేదు ఈసారి.

ఆగస్టు 17, ఆదివారం

బాలశౌరికి ఫోన్ చేసి రానని చెప్పాను. చాలా మాటలన్నాడు. చల్లారిపోయావన్నాడు. అడ్వాన్సు పోయిందన్నాడు. ఉప్పు నిస్సారమైతే దేనికి పనికొస్తుందన్నాడు. నేను నేర్పిన వాక్యాలే అవి, నా గొంతుతోనే అన్నాడు. విన్నాను.

బోర్డులు కూడా వద్దని గ్రూపులో రాశాను. ఇద్దరు గ్రూపు వదిలి వెళ్లారు.

ఆగస్టు 31, ఆదివారం

క్లోనీలో హాలు ఇవాళ ఖాళీగానే ఉందట. బాలశౌరి మన దగ్గరికీ రాలేదు. వాళ్ల కుర్చీలు వేశాను. మడిచాను.

సెప్టెంబర్ 20, శనివారం

మొదటి జట్టు ఆట మధ్యాహ్నం. పొద్దున్నే మూడో జట్టు ఆట. వాన. ఫ్లాస్కులో చాయ్ పోసుకుని పొద్దునే వెళ్లాను. చూడ్డానికి నేను, ఒక కుక్క, ఆ కుక్కను పట్టుకున్న ముసలాయన.

డెక్లన్ పరుగు తక్కువ, మాట ఎక్కువ. "ఎడమ, ఎడమ! ఇప్పుడు వదులు! శభాష్!" అని ఆ పిల్లల్ని నడిపించాడు. అవతలివాళ్లు అతన్ని రెండుసార్లు దాటిపోయారు. రెండుసార్లూ వెనక పిల్లవాడు ఉన్నాడు, ఎక్కడ ఉండాలో డెక్లన్ ముందే చెప్పి ఉంచిన చోట. ఓడిపోయారు. తడిసిన కోడిలా నా దగ్గరికి వచ్చి చాయ్ తాగాడు.

మధ్యాహ్నం హాలండ్ కుర్రాడు. మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు ఒక బంతి ఇచ్చాడు, నా జన్మలో అలాంటిది చూడలేదు. మనోళ్లు చేతులు కట్టుకుని నిలబడ్డారు. నా పక్కన డెక్లన్ అరిచాడు. నేనూ అరిచాను. ఆ కుర్రాడు తిరిగి చూశాడు, ఎవరా అని.

గొంతు బొంగురు పోయింది.

సెప్టెంబర్ 21, ఆదివారం

పొద్దునే హాలుకు వెళ్లి కుర్చీలు వేశాం, నేనూ జీవన్. రెండో వరసలో అతని పక్కన కూర్చున్నాను.

రాజ్‌కిరణ్ లేచాడు. నా వైపు చూడకుండా ఉండటం నేర్చుకున్నాడు ఈ మూడు నెలల్లో. పాపం, ఆ పని మీదే సగం ధ్యాస. పేతురు గురించి మొదలుపెట్టాడు. పడవ దిగి నీళ్ల మీద నడవడం. నేనైతే గాలిలా, కెరటంలా గర్జించేవాణ్ణి. అతను మెల్లగా అన్నాడు: "పేతురు మునిగిపోయాడని మనం చెప్తాం. పడవలో ఉన్న పదకొండు మంది ఏం చేశారో చెప్పం. వాళ్లు... వాళ్లు ఊరికే..." తెలుగు మాట దొరకలేదు. చేయి గాలిలో ఆగింది. హీటర్ చప్పుడు.

వాళ్లు ఊరికే చూస్తూ కూర్చున్నారు.

"ఆమేన్" అన్నాను.

నిన్నటి అరుపుల వల్ల గొంతు బొంగురుగా, అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. ముందు వరసలో ఆశ్రిత మొత్తం వెనక్కి తిరిగింది. నా పక్కన జీవన్ అన్నాడు. వెనక నుంచి ఎవరో అన్నారు, తర్వాత ఇంకొకరు.

ఆ అబ్బాయి చేయి దింపాడు. ఇవాళ మొదటిసారి నా వైపు చూశాడు. చూసి, మాట దొరికినవాడిలా, మిగతాది చెప్పాడు.